85 దాటితే పికప్ సీటు అదురుతోంది, మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా పోలేదు

గాజుబండి:

అందరికీ నమస్తే. నాది డబుల్ క్యాబ్ పికప్. డీజిల్, మాన్యువల్ గేర్లు, వెనక చక్రాల డ్రైవ్. 1,10,000 కిలోమీటర్లు తిరిగింది. టైర్లు 265/65 ఆర్ 17. నేను గాజు పని చేస్తాను. వెనక తొట్టిలో గుడారంలా వాలుగా ఉండే ఇనుప స్టాండు బిగించుకున్నాను. దానికి రెండు పక్కలా అద్దాలు ఆనించి, మధ్యలో ఫోమ్ పెట్టి, బెల్టులతో కట్టి తీసుకెళ్తాను.

సమస్య ఇది. 80 దాకా బండి నున్నగా వెళ్తుంది. 85 దగ్గర వణుకు మొదలవుతుంది, 90 నుంచి 100 మధ్య బాగా తెలుస్తుంది, 110 దాటితే కాస్త తగ్గుతుంది. స్టీరింగ్‌లో దాదాపు ఏమీ లేదు. సీటు కింద, కాళ్ళ కింద నేల మీద దడదడ. బ్రేకు తొక్కితే పెరగదు, తగ్గదు.

నాలుగు నెలల క్రితం నాలుగు టైర్లూ కొత్తవి వేయించాను. అప్పుడు బాగానే ఉంది. వణుకు మొదలై రెండు నెలలవుతోంది. ఈలోపు మూడుసార్లు, రెండు వేర్వేరు షాపుల్లో బ్యాలెన్సింగ్ (చక్రం బరువు చుట్టూ సమానమయ్యేలా చిన్న వెయిట్లు అంటించడం) చేయించాను. ప్రతిసారీ మెషిన్ మీద రెండు వైపులా సున్నా చూపించారు. ఆ తర్వాత వెనక షాక్ అబ్జార్బర్లు మార్చాను. అవి ఎలాగూ కారుతున్నాయి కాబట్టి దాని గురించి బాధ లేదు. ఇప్పుడు వెనక వీల్ బేరింగులు మార్చమంటున్నారు. మారిస్తే పోతుందా అంటే గట్టిగా ఎవరూ చెప్పడం లేదు.

నా ఒక్కడి ప్రయాణమే అయితే ఓర్చుకునేవాణ్ణి. కానీ గాజు ఓర్చుకోదు. పోయిన వారం 5 ఎంఎం అద్దానికి కింది మూలలో గోరంత పెచ్చు లేచింది. కంటికి చిన్నదే. అలాంటి అద్దాన్ని గోడకు బిగిస్తే ఏదో ఒక రోజు అక్కడి నుంచే గీత పాకుతుంది. తెలిసి తెలిసి దాన్ని ఒకరి ఇంట్లో బిగించి రావడం నావల్ల కాదు, వెనక్కి తెచ్చేశాను. ఊరికే భాగాలు మార్చుకుంటూ పోకుండా, అసలు తప్పు ఎక్కడుందో తెలుసుకునే దారి ఎవరైనా చెప్పండి.

హైవే 5వ గేర్:

అలైన్‌మెంట్ చేయించారా బ్రదర్? నాకూ ఇలాగే ఉండేది, టైర్లు మార్చి అలైన్‌మెంట్ చేయిస్తే పోయింది. లేకపోతే జాయింట్ షాఫ్ట్ (గేర్‌బాక్సు నుంచి వెనక చక్రాలకు బలం తీసుకెళ్ళే పొడవాటి గొట్టం) చూపించండి. పికప్‌లలో సీటు కింద వణుకు అంటే సగం సార్లు అదే.

టైరు లివర్:

టైర్ల పనిలో పద్దెనిమిదేళ్ళుగా ఉన్నాను. ఈ ప్రశ్న నా దగ్గరికి తరచూ వస్తుంది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు అలైన్‌మెంట్ సంగతి. అది తప్పితే బండి ఒక పక్కకి లాగుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది. వణుకు మాత్రం దానివల్ల రాదు. పై తమ్ముడికి వణుకు పోయింది టైర్లు మార్చడం వల్లే అయి ఉంటుంది.

వణుకు వస్తోందంటే తిరిగేది ఏదో సరిగ్గా తిరగడం లేదని అర్థం. బండిలో తిరిగేవి మూడు: ఇంజన్, జాయింట్ షాఫ్ట్, చక్రాలు. మూడూ ఒకే స్పీడులో మూడు వేర్వేరు వేగాలతో తిరుగుతాయి. వణుకు సెకనుకు ఎన్నిసార్లు వస్తోందో తెలిస్తే దొంగ ఏ ఇంట్లో ఉన్నాడో తెలిసినట్టే.

మీ టైరు సైజుకి చుట్టుకొలత దాదాపు 2.44 మీటర్లు. 90 స్పీడు అంటే సెకనుకు 25 మీటర్లు. అంటే చక్రం సెకనుకు పది చుట్లకు కాస్త ఎక్కువ తిరుగుతుంది. జాయింట్ షాఫ్ట్ దానికి డిఫరెన్షియల్ (వెనక యాక్సిల్ మధ్యలో ఉండే గేర్ల పెట్టె) నిష్పత్తి అన్ని రెట్లు తిరుగుతుంది. మీ బండిది 3.9 అనుకుంటే సెకనుకు 40. ఇంజన్ 2000 ఆర్‌పీఎం దగ్గర ఉంటే సెకనుకు 33. సెకనుకు పది అంటే ఒళ్ళు ఊగినట్టు దడదడ. నలభై అంటే జుమ్మనే మోత, అరికాళ్ళకు తిమ్మిరి పట్టినట్టు ఉంటుంది. మీరు రాసింది చదివితే మొదటిదిలా ఉంది. కానీ చదివి తీర్పు చెప్పడం నాకిష్టం లేదు. ఖాళీ రోడ్డు మీద మూడు పనులు చేసి రండి.

వణుకు బాగా ఉన్న స్పీడులో గేరు తీసి న్యూట్రల్‌లో పెట్టండి. ఇంజన్ మాత్రం ఆపొద్దు, ఆపితే స్టీరింగ్ బిగుసుకుపోతుంది, బ్రేకూ గట్టిపడుతుంది. వణుకు అలాగే ఉంటే ఇంజన్, క్లచ్ పక్కకి తప్పుకుంటాయి. షాఫ్ట్ మాత్రం తప్పుకోదు, బండి దొర్లుతున్నంతసేపు అదీ తిరుగుతూనే ఉంటుంది. తర్వాత అదే స్పీడులో నాలుగో గేరులో ఒకసారి, అయిదో గేరులో ఒకసారి వెళ్ళి చూడండి. ఇంక మూడోది, వెనక రెండు చక్రాలు ముందుకి, ముందువి వెనక్కి మార్చి నడపండి. స్పీడు జీపీఎస్‌లో చూసుకోండి. మీటరు మామూలుగా కాస్త ఎక్కువే చూపిస్తుంది.

ఒక ప్రశ్న కూడా. ఒక్కో చక్రానికి ఎన్ని గ్రాముల వెయిట్లు అంటించారో చూసి చెప్పండి.

బురదదారి:

ఒక మాట చెప్తాను గాజుబండి గారూ. మా ఎర్ర పికప్‌లో ఇలాగే వస్తే చక్రం విప్పి లోపలివైపు చూశాను. రిమ్ము లోపలి గుంటలో ఎండిపోయిన మట్టి అరచేయంత గడ్డ కట్టి ఉంది. చెక్కతో గీకి కడిగేశాక వణుకు పోయింది. బురద రోడ్ల మీద తిరిగే బండి అయితే బ్యాలెన్సింగ్‌కి ముందు లోపలివైపు కడిగించడం తప్పనిసరి. మీరూ ఒకసారి చూడండి.

గాజుబండి:

అందరికీ థ్యాంక్స్. బురదదారి అక్కా, నాలుగు చక్రాలూ లోపల కడిగాను. కొంచెం దుమ్ము తప్ప గడ్డ ఏదీ లేదు.

లివర్ అన్నా, మీరు చెప్పినవన్నీ చేశాను. న్యూట్రల్‌లో పెట్టినా వణుకు అంతే. నాలుగో గేరు, అయిదో గేరు తేడా లేదు. అదే స్పీడు, అదే వణుకు.

సెకనుకు ఎన్నో లెక్కపెట్టడానికి నా పనిముట్టే వాడాను. అరచేతిలో పట్టే అద్దం ముక్కను రెండు వైపులా అంటుకునే టేపుతో వెనక సీటు అడుగు అంచుకి అంటించాను. కిటికీలోంచి ఎండ దాని మీద పడి, ఆ వెలుగు చుక్క బండి లోపలి కప్పు మీద పడేలా వంపు సరిచేశాను. నేను నడుపుతుంటే మా బావమరిది వెనక కూర్చుని ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీశాడు. 60లో చుక్క కప్పు మీద ఊరికే వణికింది. 90లో పైకీ కిందకీ బెత్తెడు మేర ఊగింది. ఇంటికొచ్చి నిదానంగా చూసి లెక్కపెడితే నాలుగు సెకన్లలో 41 ఊపులు. మా తమ్ముడి చేత కూడా లెక్కపెట్టించాను, అదే వచ్చింది. అంటే సెకనుకు పది పైచిలుకు. మీరు చెప్పిన చక్రం లెక్కే.

ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చాక సీటు వణుకు దాదాపు పోయింది. దాని బదులు స్టీరింగ్ వణకడం మొదలైంది, అదే 85 నుంచి 100 మధ్య! రెండు నెలల తర్వాత మొదటిసారి వణుకు చోటు మారింది. చెప్పలేనంత ఊరట అనిపించింది.

వెయిట్లు: మూడు చక్రాలకు 20, 25, 35 గ్రాములు ఉన్నాయి. ఒకప్పుడు వెనక ఎడమవైపు ఉన్న చక్రానికి మాత్రం 95 గ్రాములు. ఇప్పుడది ముందు ఎడమవైపు ఉంది.

టైరు లివర్:

అద్దం ఉపాయం చాలా బాగుంది తమ్ముడూ. ఇన్నేళ్ళలో వణుకును అంత శుభ్రంగా లెక్కపెట్టినవాళ్ళని నేను చూడలేదు.

వణుకు చక్రంతో పాటు ముందుకి వచ్చింది. అంటే బేరింగూ కాదు, షాఫ్టూ కాదు, వెనక హౌసింగూ కాదు. అవి వెనకే ఉన్నాయి కదా. బేరింగ్ పోతే ఇలా ఉండదు కూడా. గుర్రుమనే మోత వస్తుంది, మలుపులో బరువు ఒక పక్కకి పడినప్పుడు ఆ మోత మారుతుంది. వాటికి ఇప్పుడే డబ్బు పెట్టకండి.

ఇక 95 గ్రాములు. కొత్త టైరుకి అంత వెయిట్ పడుతోందంటే ఏదో దాస్తున్నట్టే. నాలుగు చక్రాల్లో ఒక్కదానికి మిగతావాటి కన్నా మూడు నాలుగు రెట్లు పడితే, నేనైతే వెయిట్లు అంటించడం ఆపి చక్రాన్ని కళ్ళ ముందు తిప్పి చూస్తాను.

మెషిన్ మీద సున్నా వచ్చాక ఇంకా వణుకు ఏమిటని చాలామంది అడుగుతారు. బ్యాలెన్సింగ్ మెషిన్ చక్రాన్ని గాల్లో తిప్పుతుంది. దానికి తెలిసింది బరువు ఒక్కటే. చక్రం గుండ్రంగా ఉందా లేదా అన్నది దానికి పట్టదు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న చక్రానికి కూడా వెయిట్లు అంటించి సున్నా తెప్పించవచ్చు. రోడ్డు మీద దాని మీద బండి బరువు పడుతుంది. గుండ్రంగా లేని చక్రం ప్రతి చుట్టుకీ యాక్సిల్‌ని ఒకసారి పైకి తోసి కిందకి దింపుతుంది.

లెక్క చెప్తాను, తేడా ఎంతో తెలుస్తుంది. రిమ్ము అంచు దగ్గర 30 గ్రాముల బరువు తేడా ఉంటే 90 స్పీడులో అది చక్రాన్ని లాగే బలం మూడు కిలోల లోపే. అదే, ఈ సైజు టైరు ఒక మిల్లీమీటరు నొక్కుకోవాలంటే ఇరవై కిలోల పైమాట బరువు కావాలి. టైరు రెండు మిల్లీమీటర్లు ఎగుడుదిగుడుగా ఉందనుకోండి, సగటుకి అటూ ఇటూ ఒక్కో మిల్లీమీటరు. అంటే యాక్సిల్ మీద ఇరవై కిలోల తోపు సెకనుకు పదిసార్లు పడుతోందన్నమాట. గ్రాముల వెయిట్లతో దాన్ని ఆపలేం.

85 నుంచి 100 మధ్యే ఎందుకంటే, కమాన్లకూ (బండి బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగులు) టైర్లకూ మధ్య ఉన్న యాక్సిల్ బరువుకి సహజంగా ఒక ఊపు ఉంటుంది, సుమారుగా సెకనుకు పది నుంచి పదిహేను సార్లు. చక్రం తోపు ఆ ఊపుతో కలిసినప్పుడు వణుకు పెద్దదవుతుంది, దాటిపోయాక తగ్గుతుంది.

ఇప్పుడు చేయాల్సింది ఆ చక్రాన్ని జాకీ మీద లేపి చేత్తో తిప్పుతూ కొలవడం. డయల్ గేజ్ లేకపోయినా ఫరవాలేదు. కదలని దేనికైనా ఒక మొనను బిగించి, టైరు నడుమ పట్టీకి (రోడ్డుకి ఆనే భాగం) దగ్గరగా పెట్టండి, సందు ఎంత మారుతోందో చూడండి. రిమ్ము అంచుని కూడా అలాగే చూడండి. రిమ్ములో అర మిల్లీమీటరు లోపు, టైరులో ఒక మిల్లీమీటరు లోపు అయితే నేను పట్టించుకోను. ఒకటిన్నర దాటితే వదలను.

జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరొద్దు, స్టాండు పెట్టండి. ముందు చక్రమే కాబట్టి హ్యాండ్ బ్రేకు వెనక పట్టుకుంటుంది, అయినా వెనక చక్రాలకు అటూ ఇటూ రాళ్ళు పెట్టండి. రేపు వెనక చక్రాలు లేపాల్సి వస్తే మాత్రం హ్యాండ్ బ్రేకు మీద ఆశ పెట్టుకోవద్దు. అది పట్టుకునేది గాల్లోకి లేచిన చక్రాలనే, బండి ముందుకి దొర్లిపోతుంది.

ఇంకొక్కటి. ఆ టైరు పక్క గోడ మీద గానీ, నడుమ పట్టీ మీద గానీ బుడిపె లేచిందేమో చేత్తో తడిమి చూడండి. లోపలి తీగల పొర విడిపోయి ఉబ్బు వచ్చినా ఇలాగే వణుకుతుంది. అదే అయితే కొలతలూ వద్దు, ఏమీ వద్దు. స్టెప్నీ వేసి ఆ టైరు పారేయండి. స్పీడులో పేలిపోతుంది.

ఈ నాలుగు నెలల్లో ఆ టైరు ఎప్పుడైనా రిమ్ములోంచి విప్పారా?

గాజుబండి:

అన్నా, మీ చివరి ప్రశ్న చదివి ఒక్క క్షణం ఆగిపోయాను. విప్పారు. కొత్త టైర్లు వేయించిన రెండు నెలలకు ఆ చక్రానికి మేకు గుచ్చుకుంది. లోపలి నుంచి ప్యాచ్ వేయాలని టైరు విప్పి మళ్ళీ ఎక్కించారు. పంక్చర్ పని బాగా చేశారు, గాలి ఇప్పటికీ చుక్క దిగలేదు. అందుకే దాన్నీ దీన్నీ కలిపి ఆలోచించలేదు. రోజులు లెక్కేసుకుంటే వణుకు ఆ వారంలోనే మొదలైంది.

ఇవాళ పొద్దున్నే చక్రం లేపాను. బుడిపెలు లేవు, రెండుసార్లు తడిమి చూశాను. ఒక దుంగను నేల మీద ఆనించి దానికి స్క్రూడ్రైవర్ కట్టి, మొనను టైరు నడుమ పట్టీకి ఎదురుగా పెట్టాను. సందు కొలవడానికి నా దగ్గర గాజు ముక్కలు ఎప్పుడూ ఉంటాయి: 2, 3, 4, 5, 6 ఎంఎం. అంచులు రాయి మీద నూరి వాడాను. నెమ్మదిగా తిప్పుకుంటూ పోయాను. వాల్వు దగ్గర 3 ఎంఎం ముక్క బిగుతుగా పట్టింది. అక్కడి నుంచి సగం చుట్టు దాకా అదే 3, అదే బిగుతు. తర్వాత 3 వదులైంది, 4 పట్టింది. ఇంకో జానెడు తిప్పితే 5 కూడా దూరిపోయింది, 6 మాత్రం పట్టలేదు. మళ్ళీ తిప్పుకుంటూ పోతే 4, ఆ తర్వాత 3. అంటే ఒక్క చోట రెండు మిల్లీమీటర్ల పైనే పల్లం. రిమ్ము అంచుకి మొన పెట్టి చూశాను, అక్కడ తేడా నా గాజుకి అందనంత తక్కువ.

ఆ పల్లం ఉన్న చోటుకి సుద్దతో గీత పెట్టి, చక్రం పక్కన కూర్చుని చాలాసేపు చూశాను. టైరు పక్క గోడ మీద, రిమ్ముకి దగ్గరగా, చుట్టూ ఒక సన్నటి రబ్బరు గీత ఉంది. దారం అంత సన్నం. చక్రం అంతటా రిమ్ము అంచుకీ ఆ గీతకీ మధ్య సందు ఒకేలా ఉంది, నా 5 ఎంఎం ముక్క అడ్డంగా పెడితే సరిపోయేంత. సుద్ద గీత ఉన్న వైపుకి వచ్చేసరికి గీత మెల్లగా రిమ్ముకి దగ్గరవుతూ, ఒక జానెడు మేర పూర్తిగా అంచు కింద మాయమైపోయింది. అటు పక్క మళ్ళీ బయటికి వచ్చింది. రోజూ ఈ చక్రాన్ని చూస్తున్నాను, ఆ గీత అక్కడుందనే నాకు తెలియదు. ఇదేనా అన్నా?

టైరు లివర్:

ఇదే. ఆ గీత అక్కడ పెట్టిందే అందుకు. రిమ్ము చుట్టూ సమానంగా కనిపిస్తే టైరు బీడింగ్ (రిమ్ముని పట్టుకునే టైరు లోపలి అంచు) తన గాడిలో కూర్చున్నట్టు. ఒక చోట లోపలికి మాయమైతే, అక్కడ బీడింగ్ గాడి ఎక్కకుండా లోపలే ఆగిపోయిందని అర్థం. అక్కడ టైరు కిందికి లాక్కుపోయి పల్లం అవుతుంది. గాలి మాత్రం దిగదు, అందుకే అనుమానం రాదు. సబ్బు రాయకుండా పొడిగా ఎక్కించినప్పుడు, లేదా రిమ్ము గాడిలో తుప్పు పేరుకున్నప్పుడు ఇలా జరుగుతుంది. తర్వాత ఎవరు ఎన్నిసార్లు బ్యాలెన్స్ చేసినా ఆ వంకరకే వెయిట్లు అంటిస్తారు.

టైరు పాడవలేదు కాబట్టి కంగారు వద్దు. షాపుకి తీసుకెళ్ళి ఈ వరుసలో చేయించండి. గాలి పూర్తిగా తీసి, రెండు వైపులా బీడింగ్ వదిలించాలి. రిమ్ము గాడి చుట్టూ తెల్లగా పొడి కట్టి ఉంటే నున్నటి ఎమెరీ కాగితంతో రుద్ది తుడవాలి. వైరు బ్రష్‌తో అల్యూమినియం గీకనివ్వకండి. గాడికీ బీడింగ్‌కీ చుట్టూ టైరు సబ్బు బాగా పట్టించి, వాల్వు పిన్ను తీసి గాలి పట్టాలి. పిన్ను లేకపోతే గాలి ఒక్కసారిగా లోపలికి వెళ్ళి బీడింగ్‌ని గాడిలోకి తోస్తుంది. టప్‌మని రెండు చప్పుళ్ళు వినపడాలి, వైపుకి ఒకటి. 40 పీఎస్‌ఐ వచ్చినా కూర్చోకపోతే ఆపేయాలి. గాలి తీసి, మళ్ళీ సబ్బు రాసి, మొదటి నుంచి పట్టాలి. కూర్చోవడం లేదని ఇంకా ఇంకా గాలి ఎక్కిస్తూ పోతే బీడింగ్ తీగ తెగి టైరు పేలుతుంది. అలా చేతులు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. మీరు పక్కనే నిలబడితే ఈ ఒక్క విషయంలో మొహమాటపడకండి.

పాత వెయిట్లన్నీ పీకేసి కొత్తగా బ్యాలెన్స్ చేయించండి. సున్నా వచ్చాక ఒక పరీక్ష అడగండి. చక్రాన్ని మెషిన్ మీద వదులు చేసి, సగం చుట్టు తిప్పి మళ్ళీ బిగించి చూడమనండి. సున్నాకి దగ్గరగానే ఉంటే చక్రం మెషిన్ మీద నడిమధ్యకి కూర్చున్నట్టు. పది గ్రాములు దాటి తేడా వస్తే చక్రాన్ని మెషిన్ మీద నడిమధ్యకి పట్టి ఉంచే కోన్ సరిగ్గా పట్టలేదని అర్థం, మొదటి నుంచి పెట్టాలి.

బండికి ఎక్కించేటప్పుడు హబ్ ముఖం మీద తుప్పు, దుమ్ము తుడవండి. నట్లు నక్షత్రం వరుసలో, ఎదురెదురుగా బిగించాలి. మొదటి రోజు గట్టిగా బ్రేకులు, యాక్సిలరేటర్ వద్దు. సబ్బు ఆరకముందే టైరు రిమ్ము మీద జారితే బ్యాలెన్స్ పోతుంది. వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్ళీ చూడండి.

గాజుబండి:

నిన్న చేయించాను. విప్పితే మీరన్నట్టే ఉంది. రిమ్ము గాడిలో ఒక జానెడు మేర తెల్లటి పొడి గట్టిపడి ఉంది, పొలుసులా ఊడింది. షాపు కుర్రాడు చాలా ఓపికగా చేశాడు. మొదటిసారి ఒక వైపే టప్‌మంది. గాలి తీసి మళ్ళీ సబ్బు రాస్తే రెండోదీ వినపడింది. ఆ చప్పుడు కోసం అంతగా ఎదురు చూస్తానని ఎప్పుడూ అనుకోలేదు. రబ్బరు గీత ఇప్పుడు చుట్టూ ఒకేలా కనిపిస్తోంది, నా 5 ఎంఎం ముక్కతో చుట్టంతా తిరిగి చూశాను. 95 గ్రాములు పడిన చక్రానికి ఇప్పుడు 30 పడ్డాయి. సగం చుట్టు తిప్పి చూస్తే 5 గ్రాముల తేడా.

రాత్రి 110 దాకా నడిపాను. స్టీరింగ్ కదల్లేదు. పక్క సీటులో నీళ్ళ సీసా పెట్టుకున్నాను, నీళ్ళు నిలకడగా ఉన్నాయి.

ఒక చిన్నది మాత్రం మిగిలింది. కదిలేటప్పుడు, మొదటి గేరులో సున్నా నుంచి 20 మధ్య, కిందెక్కడో గుడగుడమని ఒక అదురు. ఇది ఇంతకు ముందూ ఉంది, పెద్ద వణుకులో పట్టించుకోలేదు. విచిత్రమేమిటంటే ఖాళీ బండికే వస్తుంది. గాజు ఎక్కిస్తే రాదు. ఒక సంవత్సరం క్రితం వెనక కమాన్లకు ఒక్కో పట్టీ అదనంగా వేయించాను, దానికేమైనా సంబంధం ఉందా?

హైవే 5వ గేర్:

ఇది మాత్రం జాయింట్ షాఫ్టే అనుకుంటా. అలైన్‌మెంట్ విషయంలో నేను చెప్పింది తప్పని తెలుసుకున్నాను, లివర్ అన్నకి థ్యాంక్స్.

టైరు లివర్:

ఈసారి తమ్ముడు సరిగ్గా చెప్పాడు. అదనపు పట్టీ వల్ల ఖాళీగా ఉన్నప్పుడు వెనక భాగం పైకి లేచింది. డిఫరెన్షియల్ ఉన్నచోటే ఉంది, షాఫ్ట్ ముందు కొస పైకి వెళ్ళింది, క్రాస్ (షాఫ్ట్ కొసన వంగడానికి వీలిచ్చే కీలు) దగ్గర వంపు పెరిగింది. వంపులో తిరిగే క్రాస్ ప్రతి చుట్టుకీ రెండుసార్లు వేగం మారుస్తుంది. కదిలేటప్పుడు బలం ఎక్కువగా పడుతుంది కాబట్టి అక్కడే గుడగుడమంటుంది. గాజు ఎక్కితే బండి కిందికి దిగి వంపు తగ్గుతుంది, అదురు పోతుంది. మీరు గమనించింది సరిగ్గా అదే.

మీది రెండు ముక్కల షాఫ్ట్ అయితే నడుమ సెంటర్ బేరింగ్ ఉంటుంది. దాని రబ్బరు చిరిగిందేమో ముందు చూడండి. జారే యోక్‌కి (షాఫ్ట్ మీద ముందుకీ వెనక్కీ జారే ముక్క) గ్రీజు పట్టండి. షాఫ్ట్ విప్పాల్సి వస్తే, విప్పే ముందే యోక్ మీదా షాఫ్ట్ మీదా ఎదురెదురుగా పెయింట్ గీతలు పెట్టమనండి. ఒక్క పల్లు తప్పి ఎక్కించినా కొత్త వణుకు కొని తెచ్చుకున్నట్టే. ఆ తర్వాత ఫోన్‌లో లెవెల్ పెట్టి షాఫ్ట్ వంపు, డిఫరెన్షియల్ ముఖం వంపు కొలిచి, రెండిటి తేడా చూడండి. ఖాళీ బండిలో క్రాస్ దగ్గర ఆ తేడా మూడు డిగ్రీలు దాటితే కమాను కింద వాలు బిళ్ళ వేసి సరిచేయవచ్చు. తొందర లేదు. కానీ వదిలేస్తే క్రాసులు త్వరగా పోతాయి.

గాజుబండి:

సెంటర్ బేరింగ్ రబ్బరు ఒక పక్క పగిలింది అన్నా, టార్చి వేసి చూస్తే కనిపించింది. వచ్చే వారం మార్పిస్తున్నాను, పెయింట్ గీతలు నేనే పెడతాను. వంపు కూడా అప్పుడే కొలిచి ఇక్కడ రాస్తాను.

వంద కిలోమీటర్లు దాటాక నట్లు చూశాను, ఒకటి పావు చుట్టు తిరిగింది. ఇవాళ పొద్దున 5 ఎంఎం అద్దాలు పద్నాలుగు వేసుకుని వెళ్ళాను, దారంతా 90లోనే. దించేటప్పుడు ఒక్కో అద్దం కింది అంచు వేలితో తడిమి చూశాను. పద్నాలుగూ నున్నగా ఉన్నాయి.